కోలుకోని కుండీలు

1999 ఏప్రిల్. చందానగర్‌లోని డిటెక్టివ్ రాజరాజేశ్వరి ఆఫీసుకు వచ్చిన భూలక్ష్మి కుర్చీలో కూర్చోలేక రెండుసార్లు లేచింది.

"నన్నెవరో ముంచాలని చూస్తున్నరు మేడం."

గోపన్‌పల్లిలో, యూనివర్సిటీ అడవిని ఆనుకుని ఆమెకు నర్సరీ ఉంది. హైటెక్ సిటీ ఆఫీసులకు అరెకా పామ్‌లు, డ్రసీనాలు వంటి అలంకరణ మొక్కలను కుండీలతో సహా కిరాయికిస్తుంది. నెల క్రితం జింకలు చొరబడి చాలా మొక్కలను మేసేశాయి. ఆమె చిరిగిన ఆకులు కత్తిరించి, కుండీలను నీడలో పెట్టించి, నీళ్లు పోసింది. చిగుళ్లు వచ్చాయి. కానీ వచ్చినవి వచ్చినట్టే అంచుల నుంచి మాడిపోతున్నాయి. జింకలు మాత్రం మళ్లీ మళ్లీ వస్తున్నాయి.

"చిగురేసినంక గిట్ల మాడుడేంది? వాచ్‌మన్ ఎల్లయ్య గేటు తెరిచి పెడుతున్నడని మా సూపర్‌వైజర్ లింగమూర్తి అంటున్నడు. ముసలాయన్ని రేపు పంపించేద్దామనుకున్న. కని మనసొప్పుతలేదు. శానా పరేషాన్‌గ ఉంది."

"ఇప్పుడే ఎవరినీ పంపించకండి. ముందు మొక్కల్ని చూద్దామండి," అంటూ లేచింది రాజరాజేశ్వరి. అసిస్టెంట్ రవికిరణ్ అప్పటికే స్కూటర్ తాళం తీశాడు. ఆమె చూపు నుంచి ఏదీ తప్పించుకోదని అతని నమ్మకం.

నర్సరీ గేటు దగ్గర మెత్తటి దుమ్ములో ఒక్క గిట్ట గుర్తు కూడా లేదు. వెనక గోడ ఒకచోట కూలిపోయి ఉంది. అక్కడ నేలంతా గిట్టల గుర్తులే. ఆ సందుకు రెండు వైపులా, మనిషి పట్టేంత దారి వదిలి, దెబ్బతిన్న కుండీలు వరుసగా ఉన్నాయి. వాటి మట్టి మీద తెల్లటి పెచ్చు కట్టింది.

"బోరు నీళ్ల తెలుపు మేడం," అంది భూలక్ష్మి.

"ముందు వరుసల మొక్కలకూ అదే నీళ్లు కదండీ? వాటికి లేదే!"

రాజరాజేశ్వరి ఆ పెచ్చు కొద్దిగా గీరి నాలుక మీద వేసుకుంది. తర్వాత లింగమూర్తిని పిలిచింది. నర్సరీ వ్యాను నడిపేదీ అతనే.

"ఈ కుండీల్ని ఇక్కడ పెట్టిందెవరండీ?"

"నేనే. నీడ బాగుంటది. మందు గూడ నేనే వేస్తున్న. మెగ్నీషియం."

"గోడ అవతలికి వెళ్తుంటారా?"

"నాకేం పని? జింకలొచ్చేది గేటు కెల్లి."

పక్కనే ఉన్న ఎల్లయ్య తాళాల గుత్తి ఎత్తి చూపాడు. "నేను దినాం తాళమేస్తనమ్మా. చెప్తే ఎవలింటరు?"

అంతలో గోడ అవతల వెతుకుతున్న రవికిరణ్ ఒక ఇనుప తీగ ఉచ్చు పట్టుకొచ్చాడు. దానికి గోధుమరంగు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. తీగ ఒక కొసన చిన్న సీసపు గుండు ఉంది. రాజరాజేశ్వరి దాన్ని తిప్పి చూసి, వ్యాను దగ్గరికి నడిచింది.

"ఈమధ్య క్లచ్ వైరు మార్పించారా?"

"పోయిన వారమే లింగమూర్తి వేయించుకొచ్చిండు," అంది భూలక్ష్మి.

రాజరాజేశ్వరి అందరినీ మొక్కల నీడ కోసం కట్టిన షేడ్‌నెట్ కిందికి పిలిచింది.

"మొదటిసారి జింకలు వాటంతట అవే వచ్చాయి. ఆ తర్వాత వాటిని రప్పించారు. మెగ్నీషియం మందు చేదుగా ఉంటుంది. ఈ మట్టిలో ఉన్నది వంటింటి ఉప్పు. వేసవిలో జింకలు ఉప్పు నాకడానికి ఎంత దూరమైనా వస్తాయి. వచ్చే దారిలో ఉచ్చు. ఆ ఉప్పుకే చిగుళ్లు మాడిపోయాయి."

"షాపోడు ఏమిచ్చిండో నాకేం ఎరుక?" లింగమూర్తి గొంతు పెంచాడు.

"ఉప్పు పొరపాటే అనుకుందాం. మరి ఈ ఉచ్చు? కొసన ఈ సీసపు గుండు క్లచ్ వైరుకే ఉంటుంది; ఇది మీ వ్యాను పాత వైరు. మెకానిక్ దగ్గర నుంచి వెనక్కి తెచ్చుకున్నది మీరేగా? గోడ అవతల మీకు పనేమీ లేదన్నారు!"

లింగమూర్తి గేటు వైపు చూశాడు. అక్కడ రవికిరణ్ నిలబడి ఉన్నాడు.

"రెండే పడ్డయ్ మేడం... దావత్‌లకు మాంసం అడుగుతరు," అన్నాడు తల దించుకుని.

రవికిరణ్ అటవీశాఖకు ఫోన్ చేయడానికి వెళ్లాడు. రాజరాజేశ్వరి భూలక్ష్మి వైపు తిరిగింది. "కుండీ అడుగు నుంచి కారిపోయేదాకా మంచినీళ్లు పట్టండి. అలా కొన్నాళ్లు పడితే ఉప్పు దిగిపోతుంది. చిగురు నిలబడేదాకా ఎరువు వద్దు. గోడ వెంటనే కట్టించండి."

భూలక్ష్మి ఎల్లయ్య ముందుకొచ్చి నిలబడింది. "తప్పయింది తాతా. పోకు."

"మియాపూర్ల బిడ్డ ఇంటికి పోదామని మూట గూడ కట్టుకున్నా," అన్నాడు ఎల్లయ్య. తాళాల గుత్తి మళ్లీ నడుముకు దోపుకున్నాడు. తర్వాత అన్నాడు: "ఉంట. కని ఇంకోపారి అనుమానమొస్తే ముందుగాల నన్నడుగు బిడ్డా."

ఆమె తల ఎత్తలేకపోయింది. ఎల్లయ్య వెళ్లి కుళాయి తిప్పాడు. భూలక్ష్మి పైపు అందుకుని మొదటి కుండీ దగ్గర కూర్చుంది.