పది మందికి మైకెందుకు?

"పది మందికి మైకెందుకండీ? గట్టిగా దగ్గితే చాలు కదా!"

మైక్ సెట్ కుర్రాడు నోరు జారాడంతే. ప్లకార్డు పట్టుకున్న అమ్మాయి చూసిన చూపుకి ఆంప్లిఫయర్ ఫ్యూజు పోలేదంటే దాని అదృష్టం.

"అద్దె మైకుకే ఇస్తున్నాం. సలహాలు వద్దు," అంది. గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంది.

ఆ అమ్మాయి కృత్రిమ కాళ్ళు చేసే కేంద్రంలో పనిచేస్తుంది. వారమంతా కాళ్ళు పోయినవాళ్ళకి కాళ్ళు అమర్చి, శనివారం సాయంత్రం కాళ్ళు తీసే ఆయుధాల సరుకు అమ్మొద్దని బస్‌స్టాప్ దగ్గర నిలబడి చెబుతుంది. వినేది బస్సు కోసం ఆగినవాళ్ళే. బస్సు వస్తే సభ ఖాళీ.

అయినా ప్రతి శనివారం వాళ్ళ సభకి అతనే మైక్ పెట్టేవాడు. రానురాను ఫ్లాస్కులో వేడినీళ్ళు కూడా తెచ్చేవాడు.

"మైకు మింగేసేలా ఉన్నారు. కాస్త దూరం పెట్టండి."

"మిమ్మల్ని పెట్టినంత దూరంగానే పెట్టాను లెండి."

ఓసారి వాన పట్టుకుంది. అతను గొడుగు తీసి ఆంప్లిఫయర్‌కి పట్టాడు.

"మనుషులు తడిసినా పర్లేదా?"

"మనుషులకి షాక్ కొట్టదండీ."

"నాకు కొడుతోంది, మీ తెలివికి!" అంటూ ఆమే గొడుగు కిందికి వచ్చింది. మధ్యలో ఆంప్లిఫయర్ పెద్దమనిషిలా కూర్చుంది. అప్పట్నుంచీ అతనికి వారమంటే శనివారం ఒక్కటే.

అంతలో ఊళ్ళోకి ఆయుధాల ఎగ్జిబిషన్ వచ్చింది. ఆ శనివారం వీళ్ళ సభ, అది జరిగే హాలు గోడ బయటే. ముందురోజు ఆ హాలు గేటులోకి వెళ్తున్న మైక్ సెట్ వ్యాన్‌ని ఆమె చూసింది.

"లోపలా మీరే, బయటా మీరేనా?"

"నాన్న ఒప్పుకున్నారండీ. ఏడాదంతా మాకు కూడు పెట్టేది ఈ హాలే."

"గోడమీద పిల్లిని చూశాను గానీ, గోడమీద మైక్ సెట్‌ని ఇప్పుడే చూస్తున్నా."

కోపంగా అని ఉంటే బావుండేది. అలిసిపోయి అంది. అతనికి రాత్రంతా అదే గుచ్చుకుంది.

మర్నాడు సామాను సర్దింది నాన్న. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు కార్డ్‌లెస్ మైకులు: హాల్లో ప్రశ్నలడిగేవాళ్ళకిచ్చేదానికి ఎర్ర టేపు, బయటదానికి నీలం. ఆయనకి కళ్ళజోడు పెట్టుకోవడమంటే నామోషీ. ఎర్ర టేపు మైకు కాస్తా గోడ అవతల ఆ అమ్మాయి చేతికి చేరింది.

హాలు వెనక సౌండ్ బోర్డు ముందు అతను కూర్చున్నాడు. వేదిక మీది తీగ మైకులో క్షిపణుల కంపెనీ పెద్దమనిషి శాంతి గురించి మాట్లాడుతున్నాడు. ఆయన శాంతి ఎంత దూరమైనా వెళ్ళి గురి తప్పకుండా పడుతుందట. ఆయన మంచినీళ్ళ కోసం ఆగాడు. అంతే, స్పీకర్లలో ఓ బొంగురు గొంతు.

"ఈ మైకు పనిచేయట్లేదు పెద్దమ్మా. పోన్లే, నాకూ ఓపిక లేదు."

హాలంతా తలలు తిప్పింది. ఉద్యమంలో ఉన్న రిటైర్డ్ టీచరమ్మని ఆమె పెద్దమ్మా అని పిలుస్తుందని అతనికొక్కడికే తెలుసు. చెయ్యి ఆ మైకు మీట మీదికి వెళ్ళింది. కాస్త కిందికి లాగితే ఆ గొంతు ఆగిపోతుంది. హాలూ, కూడూ దక్కుతాయి.

"పొద్దున ఓ పిల్లకి కాలు అమర్చాను. ఆడుకుంటూ మందుపాతర తొక్కిందట. లేచి నిలబడి నవ్వింది. 'అక్కా, ఈ కాలు కూడా నాతో పాటు పెరుగుతుందా?' అనడిగింది. పెరగదమ్మా, నువ్వు పెరిగినప్పుడల్లా కొత్తది చేస్తాం అన్నాను. 'అయితే నేను పెరగను' అంది."

మేనేజరు కుర్చీల మధ్యనుంచి పరుగెత్తుకొస్తున్నాడు. అతను వైరు వెతుకుతున్నట్టు బల్లకిందికి వంగాడు. మీట మాత్రం ముట్టుకోలేదు.

"ఇంకోటి పెద్దమ్మా, ఆ మైకబ్బాయి..."

చటుక్కున లేచి మీట కిందికి లాగేశాడు. హాలు నిశ్శబ్దమైంది. మీట దించినా గొంతు వినిపించే హెడ్‌ఫోన్ చెవులకి పెట్టుకున్నాడు. మిగతాది అతనొక్కడే విన్నాడు.

"...శనివారం కోసం ఎదురుచూసేది ఉద్యమం కోసమే అనుకున్నా. కాదు, అతనొస్తాడని. చివరికి అతనూ ఆ గేటులోకే వెళ్ళాడు."

ప్రపంచమేమీ తలకిందులు కాలేదు. పెద్దమనిషి నీళ్ళు తాగి ప్రసంగం పూర్తిచేశాడు. స్టాళ్ళు తెరిచారు. ముందు వరుసలో ఒకాయన మాత్రం మోకాలి మీద చెయ్యేసుకుని అలాగే కూర్చుండిపోయాడు.

వ్యాన్ దగ్గర నాన్న ఉన్నాడు. "హాలు పని పోయిందట కదరా. మీట నీ చేతికిందే ఉంది కదా?"

"ఉంది నాన్నా."

ఆయన మైకు తీగ చుట్టి వ్యాన్‌లో పడేశాడు. "టేపు తప్పు నాది, మీట తప్పు నీది. చెరి సగం తిట్టుకుందాం. ముందు వెళ్ళి, మైకు బాగానే పనిచేసిందని ఆ పిల్లకి చెప్పు."

ఆమె గోడవారన మెట్టు మీద కూర్చుని ఉంది. చెబితే విని, మొహం చేతుల్లో దాచుకుంది.

"ఎంతవరకు వినబడింది?"

"హాలుకి కాలు వరకు. నాకు మొత్తం."

కోప్పడ్డానికి ఆమెకి ఓపిక లేదు. అతను పక్కనే కూర్చున్నాడు.

"మరి కూడు?"

"చూద్దాం. ఊళ్ళో ఇంకా పెళ్ళిళ్ళు అవుతూనే ఉన్నాయి కదా."

ఆమె బొంగురుగా నవ్వింది. మెల్లగా అతని భుజమ్మీదికి వాలింది. "బాగా అలిసిపోయాను. వచ్చే శనివారం కూడా పది మందే వస్తారు."

అతను పక్కన పడున్న ప్లకార్డు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పదకొండు," అన్నాడు.