బుట్టెడు హిల్కెలు

శనివారం కూతురు హిల్కె పెళ్లి, అదీ పెరట్లో. ఆ పెరట్లోనేమో పూలెప్పుడో అయిపోయి, సగం పసుపెక్కిన తులిప్ ఆకులు నేలంతా పడున్నాయి. ఆకు పూర్తిగా ఎండితే గానీ దుంప తవ్వనని సీబ్రాండ్ భీష్మించుకున్నాడు. పెళ్లి ఫొటోల్లో ఈ చెత్తేమిటని ఆయన భార్య ఆఫ్కె రోజూ కాఫీతో పాటు సణుగుడూ పోస్తోంది.

గురువారం పొద్దున ఆ గొడవ కాబోయే అల్లుడు యోరిట్ తీర్చేశాడు. రాటర్‌డామ్ అపార్ట్‌మెంట్లో పెరిగిన బుద్ధిమంతుడు. మామగారు సైకిలెక్కి ఊళ్లోకి వెళ్లొచ్చేలోగా దుంపలన్నీ తవ్వి, కడిగి, చిన్నవీ పెద్దవీ వేరుచేసి బుట్టలకెత్తాడు. వరుసల్లో గుచ్చిన పేర్ల పుల్లల్ని చెత్తలో పారేశాడు. పైగా మెచ్చుకుంటారని గుమ్మంలో నిలబడ్డాడు, పాపం.

సీబ్రాండ్ బుట్టలు చూసి అక్కడే కూలబడ్డాడు. విత్తనం వేసి, ఏళ్ల తరబడి సాకితే ఈ వసంతంలోనే మొదటిసారి పూసిన కొత్త రకం ఒకటి ఆ వరుసల్లో ఉంది. ఒకే ఒక్క దుంప. ఇప్పుడది ఏదో దేవుడికే తెలియాలి. తులిప్ దుంపలన్నీ ఒకే పోలిక, పూస్తే గానీ రంగు బయటపడదు.

పెళ్లికి రానని చెప్పేసి ఆయన కొట్టంలోకి పోయి కూర్చున్నాడు. ఆఫ్కె బతిమాలింది, తర్వాత తిట్టింది. యోరిట్ క్షమాపణలు చెప్పీ చెప్పీ చివరికి బుట్టలకు కూడా చెప్పాడు. ఆఖరికి హిల్కె వెళ్లింది.

"దుంప కోసం నా పెళ్లికి రావా నాన్నా?"

"అది దుంప కాదే," అన్నాడు సీబ్రాండ్. "దానికి నీ పేరు పెట్టా. పెళ్లిలో అందరి ముందూ ఆ పేరు పుల్ల నీ చేతిలో పెడదామనుకున్నా."

హిల్కెకు ఏడుపు ఆగలేదు. తలుపు అవతల వింటున్న యోరిట్‌కీ ఆగలేదు. "మామయ్యగారూ, చలికాలం రాకముందే అన్నీ నేనే నాటతాను. మీరు పక్కన కూర్చుని తిట్టండి, చాలు," అన్నాడు ముక్కు ఎగబీలుస్తూ.

తిట్టడం సీబ్రాండ్‌కు ఎప్పుడూ కష్టం కాదు.

శనివారం ఆయన కోటు తొడుక్కుని, దుంపలన్నీ ఒకే పెద్ద బుట్టలో పోసి మోసుకొచ్చాడు. అది పెళ్లికూతురి ఒళ్లో దించి కళ్లు తుడుచుకున్నాడు.

"ఇందులో నువ్వెక్కడున్నావో తెలీదు తల్లీ. పూసేదాకా అన్నీ నువ్వే."