ఆపరేషన్ నెమరు

తెనాలి స్టేషన్‌లో పుస్తకాల బండి ముందు నిలబడి గౌరీశంకరం వారపత్రిక తిరగేస్తున్నాడు. ఖద్దరు సంచీ పట్టుకున్న ఓ పెద్దమనిషి పక్కన వచ్చి ఆగాడు.

"రేపల్లె బండి లేటాండీ?"

"పట్టాల మీదికి గేదెలొచ్చాయటండీ."

కోడ్ సరిపోయింది. పెద్దమనిషి వేషంలో ఉన్నది చీఫ్. 1994 ఫిబ్రవరి. ప్లాట్‌ఫారం చివరిదాకా నడుస్తూనే బ్రీఫింగ్ ముగించాడు.

"బాపట్ల శివార్లలో పశు పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ డాక్టర్ చెంచురామయ్య పదకొండేళ్లుగా గేదెల త్రేన్పుల మీద పని చేస్తున్నాడు. నవ్వకు."

"నవ్వడం లేదు సార్."

"నెమరు వేసే పశువు మీథేన్ గ్యాస్ వదులుతుంది. తిన్న మేతలో కొంత బలం అలా గాలికి పోతుంది. ఆ గ్యాస్ భూమిని వేడెక్కిస్తుంది కూడా. ఈయన ఒక గేదె పొట్టలో కొత్తరకం సూక్ష్మజీవిని పట్టాడు. దాన్ని మిగతా గేదెలకు ఎక్కిస్తే గ్యాస్ సగానికి పడిపోయింది. ల్యాబ్‌లో పెంచిన ఆ సూక్ష్మజీవుల కల్చర్ కోసం ఒక ఫారిన్ ముఠా దిగింది. పట్టుకుపోయి పేటెంట్ చేయించుకుంటే, మన గేదె పొట్టలోది మన రైతే డాలర్లిచ్చి కొనుక్కోవాలి."

"లోపల మనవాళ్లెవరు?"

"సుశీల. ల్యాబ్ టెక్నీషియన్. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. ఆమె చెప్పినట్టు నడుచుకో."

మర్నాటి నుంచి గౌరీశంకరం వెటర్నరీ కాంపౌండర్. జేబులో పెన్ను కెమెరా. ల్యాబ్ ఫోన్‌లో చొక్కా గుండీ అంత ట్రాన్స్‌మిటర్. దాని సంగతి అలవాటు కొద్దీ సుశీలకు కూడా చెప్పలేదు.

సుశీల కైనెటిక్ హోండా మీద, పచ్చ షిఫాన్ చీరలో, కూలింగ్ గ్లాసులతో వచ్చేది. ఆమె నవ్వితే గౌరీశంకరం అడగాల్సిన ప్రశ్న మరిచిపోయేవాడు. పని నేర్పింది మాత్రం నబీ సాహెబ్. అరవై ఏళ్ల మనిషి, గేదెల ఆలనాపాలనా ఆయనదే. శాంపిల్ తీయడానికి గేదె డొక్కలో రబ్బరు మూత బిగించి ఉండేది. గౌరీశంకరం దాన్ని గబుక్కున లాగబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మెల్లగా సార్. దానికీ సిగ్గుంటుంది."

పదో రోజు, శుక్రవారం, సుశీల అతన్ని మేత గోడౌన్ వెనక్కి పిలిచింది. నబీ సాహెబ్ టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నె తిప్పి చూపించింది. మైక్రోఫిల్మ్.

"ఈయనా?" అన్నాడు గౌరీశంకరం.

"ఇలాంటివాళ్లనే ఎంచుకుంటారు. ఎవరూ అనుమానించరు కదా."

రెండు వాక్యాల రిపోర్టు పంపాడు. సాయంత్రానికి జీపు వచ్చి నబీ సాహెబ్‌ని తీసుకుపోయింది. ఆయన వెళ్తూ, "నల్లగేదెకి తడిగడ్డి వెయ్యకండి" అని మాత్రం అన్నాడు.

ఆదివారం గౌరీశంకరం ట్రాన్స్‌మిటర్ పంపిన మాటల టేపు విన్నాడు. ఫోన్‌లో సుశీల గొంతు: "ముసలాడి మీదికి నెట్టేశాను. కాంపౌండర్ నమ్మాడు. వచ్చే శుక్రవారం సరుకు నిజాంపట్నం తెస్తాను."

తెనాలి వెళ్లి ఎస్టీడీ బూత్ తలుపు వేసుకున్నాడు.

"సార్, నబీ సాహెబ్ తప్పేమీ లేదు. వదిలేయమనండి."

"ఆయన లోపలుంటేనే సుశీల ధైర్యంగా కదులుతుంది. శుక్రవారం దాకా ఉండనీ."

"కొడుతున్నారట సార్."

"దిసీజ్ యాన్ ఆర్డర్, శంకరం."

గౌరీశంకరం ఫోన్ పెట్టేశాడు. ఆ రిసీవర్ మళ్లీ ఎత్తి ఎవరో ఒకరికి చెప్పగలిగేవాడే. ఎత్తలేదు.

బుధవారం పోలీస్ స్టేషన్ ముందు నుంచి సైకిల్ మీద పోతుంటే నబీ సాహెబ్ భార్య మహబూబ్ బీ ఎదురొచ్చింది. చేతిలో అన్నం క్యారియర్. లోపలికి పంపనివ్వలేదు కాబోలు, బరువుగానే ఉంది.

"బాబూ, మీరు గేదెల ఆసుపత్రాయన కదూ. ఆయన ఎలాంటోడో మీకు తెలుసు. ఒక్క మాట చెప్పండి బాబూ."

"నాకేం తెలీదమ్మా," అన్నాడు. ఆ మాట ఇంత సులువుగా వచ్చినందుకు తనే ఉలిక్కిపడ్డాడు.

శుక్రవారం పొద్దున్న నిజాంపట్నం హార్బర్‌లో చేపల వేలం జోరుగా ఉంది. గౌరీశంకరం లుంగీ, తలపాగాతో ఐసు మోసే కూలీ. కల్చర్ ఒంటి వేడిలోనే బతుకుతుందని నబీ సాహెబ్ చెప్పింది గుర్తుంది. వరసన ప్రతి చేపల బుట్టలోనూ ఓ ఐసు ముక్క పడేస్తూ పోయాడు. అందరూ ఇంకొంచెం వెయ్యమన్నారు. ముతక చీర కట్టి, పెద్ద ముక్కెర పెట్టుకున్న ఒకామె మాత్రం ఆ ముక్కను చటుక్కున తీసి పారేసింది.

చూపులు కలిశాయి. సుశీల బుట్ట వదిలేసి, గుడ్డ చుట్టిన ఫ్లాస్కుతో పరిగెత్తింది. ఇంజను మోగుతున్న మరబోటు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"ఆగు. మూత తీస్తాను. గాలి తగిలితే ఇవన్నీ చస్తాయి. పదకొండేళ్ల పని."

మూత ఒక చుట్టు తిరిగింది. అంతలో బోటు తాడు వదులై, ఒడ్డుకీ బోటుకీ మధ్య వేసిన పలక ఊగింది. ఆమె తూలింది. గౌరీశంకరం దూకి రెండు చేతులతో మూతను నొక్కిపట్టి, ఆమెను ఫ్లాస్కుతో సహా ఒడ్డుకు లాగాడు. బోటు వెళ్లిపోయింది. నీళ్లు సముద్రంలో కలిసే మొగ దగ్గర పోలీసు లాంచీ దానికి అడ్డం తిరిగింది.

పోలీసులు గట్టు మీదికి వచ్చేదాకా ఇద్దరూ ఆ ఫ్లాస్కు పట్టుకుని అలాగే నిలబడ్డారు. అటుగా పోతున్న ముసలమ్మ, "ఏంటయ్యా, మొగుడూ పెళ్లాలు ఇంటికెళ్లి తేల్చుకోరాదా?" అంది.

సుశీల మెల్లగా నవ్వింది. "ముసలాడి వైపు నేను వేలు చూపించానంతే శంకరం. లోపల వేయించింది నువ్వు."

అతను మూత బిగిస్తూ ఉండిపోయాడు.

ఫ్లాస్కు చెంచురామయ్య చేతికి చేరింది. నబీ సాహెబ్‌ని వదిలేశారు. డిపార్ట్‌మెంట్ నుంచి ప్రశంస వచ్చింది. ఎవరికీ ఏమీ చెప్పొద్దని దాంతోపాటే ఆర్డరూ వచ్చింది. వారం తర్వాత గౌరీశంకరం ఆ ఆర్డరు మీరి నబీ సాహెబ్ ఇంటికి వెళ్లాడు. ఆయన వసారాలో మంచం మీద ఉన్నాడు. కుడిచేతి రెండు వేళ్లకు కట్టు.

తను ఎవరో, ఏం రాశాడో అంతా చెప్పాడు. చివరిది మాత్రం నేల వైపు చూస్తూ చెప్పాడు.

"మూడో రోజే తెలిసింది నాకు. మీరేం చేయలేదని."

నబీ సాహెబ్ లెక్క చూసుకున్నట్టు కళ్లు మూసుకున్నాడు. తలుపు చాటున మహబూబ్ బీ నిలబడి ఉంది. ఆమె వైపు చూసే ధైర్యం గౌరీశంకరానికి లేకపోయింది.

"ఈ వేళ్లు అయిదో రోజున విరిగాయి," అన్నాడు నబీ సాహెబ్.



తర్వాత ఆయనే అడిగాడు. "అన్నాళ్లూ గేదెల్ని ఎవరు చూశారు?"

"నేనేనండి."

"ఒక్కటీ ఒళ్లు తగ్గలేదని డాక్టరుగారు చెప్పారు." ఆయన గోడ వైపు ఒత్తిగిల్లాడు. "కాంపౌండర్‌గా బాగానే చేశారు సార్. ఆ పనిలోనే ఉండిపోవాల్సింది."