నాలుగో ఫ్యాన్ ఈల

ఆ అణు విద్యుత్ కేంద్రంలో దేనికీ జడవని మొండివాళ్ళు కూడా నాలుగో ఫ్యాన్ గదికి ఒంటరిగా వెళ్ళరు.

రియాక్టర్ గోడ పక్కన పనంటే నవ్వుతూ వెళ్తారు. ఫిన్లాండ్ పడమటి తీరం మనుషులు మరి, కాళ్ళ కింద మంచు పటపటమంటున్నా వల తీయడానికి సముద్రం మీదికి పోయే రకం. కానీ పై అంతస్తులో, మెట్ల చివర, ఆ బూడిదరంగు తలుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "నువ్వు పద" అంటే "ఆహా, ముందు నువ్వే పద" అని ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటారు.

ఎందుకంటే... అక్కడ చచ్చిపోయినవాడు ఈల వేస్తాడు.

సాయంత్రం నాలుగింటికి గాలి ఫ్యాన్లని సగం వేగానికి దించుతారు. డిసెంబరులో అక్కడ మూడింటికే చీకటి పడిపోతుంది, నాలుగంటే నడిరాత్రి కిందే లెక్క. మూడు ఫ్యాన్లు బుద్ధిగా నెమ్మదిస్తాయి. నాలుగోది మాత్రం ఈల వేస్తుంది. సన్నగా, పైనుంచి కిందికి జారే ఈల. రెండే స్వరాలు.

విన్నవాళ్ళెవరూ దాన్ని యంత్రం అనరు. "ఆల్పో" అంటారు, గొంతు బాగా తగ్గించి.

ఈ కథ నాకు చెప్పింది ఎన్సియో. అక్కడ మెకానిక్కులందరికీ ఫోర్‌మన్. అబద్ధాలాడే మనిషి కాదు. అసలు మాట్లాడే మనిషే కాదు. సౌనాలో, అంటే వాళ్ళ ఆవిరిస్నానాల గదిలో, గంటన్నర చెమటలు కక్కాక అప్పుడు నోరు తెరిచాడు.

ఆల్పో ఆ ఫ్యాన్లు చూసుకునే మెకానిక్కు, అతని భార్య పేరు రౌని. ఆమెదీ అక్కడే ఉద్యోగం. బయటినుంచి వచ్చే ప్రతి విడిభాగం కాగితాలు సరిచూసి, దాన్ని తుడిచి శుభ్రం చేసి, సంతకం పెట్టి లోపలికి పంపాలి. ఆమె సంతకం లేనిదే ఒక్క నట్టు కూడా గోదాము దాటదు.

ఆల్పోకి ముందుపళ్ళ మధ్య సందు ఉండేది. ఆ సందులోంచే ఈల వేసేవాడు. పడవ తీసుకుని వలకి వెళ్ళేటప్పుడు ఒకటి, పైనుంచి కిందికి. తిరిగొచ్చేటప్పుడు ఇంకొకటి, కిందినుంచి పైకి. వెళ్తున్నా... వచ్చేశా. అంతే. వచ్చిన ఈల వినపడగానే రౌని పొయ్యి మీద కాఫీ పెట్టేది. ఇరవై రెండేళ్ళు అలాగే గడిచాయి.

"నేనేమైనా కుక్కపిల్లనా ఈల వేసి పిలవడానికి? నోరుందిగా!" అని సణిగేది.

"నోటితోనేగా వేస్తోంది" అనేవాడు ఆల్పో, బూట్లు విప్పుకుంటూ.

ఆ పాడు ఫ్యాన్ వచ్చి వాళ్ళిద్దరి మధ్యా పడింది.

దాని పన్నెండు రెక్కలూ మార్చింది ఆల్పోనే. మూడు నెలలకి ఓ రెక్క మొదలంటా విరిగి, తొడుగుని చీల్చుకుని వెళ్ళి గోడలో దిగబడింది. ఆ క్షణాన గదిలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. కేంద్రం మొత్తం పదకొండు రోజులు ఆగిపోయింది. విచారణ వేశారు. విరిగిన రెక్క నుజ్జునుజ్జయిపోయింది, పరీక్షించడానికి ఏమీ మిగల్లేదు. కాగితాలు చూస్తే కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. కాగితాలు మంచివైతే రెక్క మంచిదే, రెక్క మంచిదైతే తప్పు బిగించినవాడిదే అని తేల్చేశారు. అంత పనిమంతుణ్ణి తీసుకెళ్ళి గేటు దగ్గర పనిబట్టలిచ్చే కౌంటర్లో కూర్చోబెట్టారు. నిన్నటిదాకా భుజం భుజం రాసుకుని పనిచేసినవాళ్ళనే ప్యాంటు సైజు ఎంతని అడగాల్సి వచ్చింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర రౌని ఒకే ఒక్క మాట అడిగింది.

"ఆల్పో... నాతోనైనా నిజం చెప్పు. సరిగ్గానే బిగించావా?"

ఆల్పో ఆమె మొహంలోకి చూశాడు. ఏదో అనబోయి మింగేశాడు. లేచి, బూట్లు తొడుక్కుని, పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆనాటి నుంచి వెళ్ళేటప్పుడు ఈల వేసేవాడు. వచ్చేటప్పుడు వేసేవాడు కాదు.

రౌనికి ఆ తేడా తెలుసు. ఎందుకని అడగడానికి మొహం చెల్లలేదు.

మరుసటి వసంతంలో, మంచు కరిగిన మొదటి వారం, తెల్లవారుతూనే ఈల వినిపించింది. పైనుంచి కిందికి. మధ్యాహ్నానికి పడవ దానంతటదే ఒడ్డుకి కొట్టుకొచ్చింది. తడి వల మీద చేతులు వేసుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. గుండె ఆగిపోయిందన్నారు. తన మాటే దాన్ని ఆపిందని రౌని అనుకుంది. ఎవరెంత చెప్పినా ఆ మాట ఆమె మనసులోంచి పోలేదు.

అతన్ని మట్టిచేసిన వారానికి నాలుగో ఫ్యాన్ ఈల మొదలుపెట్టింది.

ఏడాదిన్నర... రౌని ఆ మెట్లు ఎక్కలేదు. నాలుగయ్యేసరికి చెవుల మీద రక్షణ కప్పులు బిగించుకుని కూర్చునేది.

డిసెంబరులో ఒకరోజు ఎన్సియో ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో కాఫీ చల్లారిపోతోంది, తాగట్లేదు.

"రౌనీ... నాలుగోది బాగా ఊగుతోందమ్మా. రోజురోజుకీ ఎక్కువవుతోంది."

"బోల్టులు చూశారా?"

"మూడుసార్లు చూశాం. ఒక్కటీ కదల్లేదు." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "రేపు పెద్దవాళ్ళు కూర్చుంటున్నారు. మిగతా పదకొండు రెక్కలూ బిగించింది మనవాడేగా. మళ్ళీ వాడి పేరే రాస్తారు."

"చచ్చినవాణ్ణి ఇంకా ఎన్నిసార్లు చంపుతారు అన్నయ్యా?"

రౌని కాసేపు తన చేతులకేసి చూసుకుంది. తర్వాత లేచింది.

"రెక్క ఊడదీద్దాం. నేను రంగు వేసి చూస్తాను. తప్పు లోహంలో ఉంటే ఇవాళే బయటపడాలి. అతని చేతులది కాదని... నాకు ఒక్క రుజువు చాలు."

క్యాంటీన్ ముందునుంచి వెళ్తుంటే లోపల్నుంచి ఎవడో అరిచాడు. "పైకేనా ఎన్సియో? ఆల్పోకి ఓ కప్పు కాఫీ పట్టుకెళ్ళు, పాపం, ఎండిపోయిన గొంతుతో ఈలలేస్తున్నాడు!" వెనకాల రౌని కనబడేసరికి వాడి మొహం మాడిపోయింది.

మెట్లు ఎక్కారు. నాలుగవుతోంది. కిటికీ బయట కాటుక చీకటి.

గదిలో ఫ్యాన్ హోరు. రౌని ఒక కర్రముక్క తీసుకుని, ఒక కొస ఫ్యాన్ ఒంటికి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుంది. ఆల్పో నేర్పిన పద్ధతే. కర్రలోంచి లోపలి మోత తెలుస్తుంది.

హోరు తగ్గింది... ఇంకా తగ్గింది...

అప్పుడు వచ్చింది. పైనుంచి... కిందికి...

ఆమె చేతిలో కర్ర జారి కింద పడింది. అదే ఈల. అదే సందులోంచి వచ్చినట్టు, చివర కొంచెం తడిగా. వెళ్తున్నా.

ఎన్సియో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "పోదాం పద. రేపు ఇంకెవరినైనా పంపిస్తా."

"ఆపండి దాన్ని" అంది రౌని. "ఆపి తాళం వేయండి."

ఫ్యాన్ ఆపారు. కరెంటు స్విచ్చుకి ఎన్సియో తన తాళం వేశాడు, రౌని తన తాళం వేసింది. లోపల ఎవరైనా పనిచేస్తున్నంతసేపూ ఎవరి తాళం వాళ్ళది, ఎవరి తాళంచెవి వాళ్ళ జేబులోనే. అది అక్కడి పద్ధతి.

ఒక రెక్క ఊడదీసి బల్లమీద పెట్టారు. సన్నటి పగుళ్ళు పట్టే రంగొకటి ఉంటుంది. పూసి, పైపైన తుడిచేసి, దీపాలన్నీ ఆర్పి, ఊదారంగు దీపం పట్టి చూడాలి. పగులు లేకపోతే అంతా చీకటే. ఉంటే, అందులో ఇంకిన రంగు మిణుగురు పురుగులా మెరుస్తుంది.

రౌని రంగు పూసింది. ఆగింది. తుడిచింది. "దీపం ఆర్పండి."

చీకటి.

ఊదారంగు దీపం వెలిగింది. రెక్క మొదట్లో, బోల్టులకి జానెడు దూరంలో, వెంట్రుకంత గీత పచ్చగా మెరిసింది. బోల్టులకి దానికీ ఏ సంబంధమూ లేదు. పోత పోసినప్పుడే లోపల బోలు ఉండిపోయింది.

"దొరికింది!" ఎన్సియో అరిచాడు. "వాడి తప్పు కాదు రౌనీ! చూశావా? మనవాడి తప్పు కాదు!"

రౌని దీపాన్ని ఇంకాస్త కిందికి జరిపింది. రెక్క మొదలు చివర, ఇరుసులోకి దూరిపోయే చోట... ఇంకేదో మెరుస్తోంది.

అక్షరాలు. ఒక్కొక్కటే చీకట్లోంచి పైకి తేలుతున్నాయి. పక్కకి ఒరిగిన రాత, ఏళ్ళ తరబడి కిరాణా చీటీల మీద, కాఫీ డబ్బా మీద ఆమె చూసిన రాత.

"వద్దు" అని ఉంది.

ఎన్సియో దేవుణ్ణి తలుచుకుంటూ గోడకి ఆనుకున్నాడు. రౌని మాత్రం కదల్లేదు. అది దెయ్యం రాత కాదని ఆమెకి అర్థమైపోయింది. గరుకు లోహంలో మిగిలిపోయిన మైనం అది. మైనం రంగుని పట్టుకుంది. మైనపు పెన్సిలుతో రాసి... ఎవరో తుడిచేస్తే... మిగిలిన మైనం.

ఎవరు తుడిచారో కూడా గుర్తొచ్చింది.

మూడేళ్ళ కిందట, అక్టోబరు. దుప్పి వేట వారం. ఆ వారం సగం తీరం సెలవులోనే ఉంటుంది. ఆల్పో కూడా పొద్దున్నే గోదాములో పని చూసుకుని అడవికి వెళ్ళిపోయాడు. పదింటికి తనిఖీ వాళ్ళు వస్తారనగా రౌని రెక్కల పెట్టెలు తెరిచింది. ముప్పై రెక్కలు. ఏడింటి మొదట్లో ఎర్రటి మైనపు గీతలు!

అక్కడ విడిభాగాల మీద ఏది పడితే దానితో రాయకూడదు, అందులో ఉప్పులుంటే లోహాన్ని తినేస్తాయని రూలు. ఆల్పోకి అప్పటికే రెండు హెచ్చరికలు. మూడోదైతే ఉద్యోగమే ఉండదు. "ఈ మహానుభావుడి బుద్ధి మారదు కదా" అని నవ్వుకుంటూ, గుడ్డ స్పిరిట్లో ముంచి, గబగబా ఏడింటినీ తుడిచేసింది. ఏం రాశాడో చదవను కూడా లేదు. మొగుణ్ణి కాపాడుకున్నాననుకుంది. సాయంత్రానికి ఆ సంగతే మర్చిపోయింది.

"అన్నయ్యా..." అంది రౌని. "కొత్త రెక్కలొస్తే ఆల్పో ఏం చేసేవాడు?"

"కట్టెసుత్తితో కొట్టి వినేవాడుగా. మోగితే మంచిది, బొంగురుపోతే చెడ్డది. చెడ్డదాని మీద..." ఎన్సియో బల్లమీది అక్షరాలకేసి చూశాడు. "వేట నుంచి వచ్చేసరికి గుర్తులున్నవి ఒక్కటీ కనబడలేదట. వెనక్కి పంపేశారనుకుని మిగిలినవి బిగించాడట. విచారణ ముందురోజు నాతో చెప్పాడు. చెప్పనని ఒట్టు పెట్టించుకున్నాడు."

"ఎందుకు?"

"అదే నేనూ అడిగాను. ఒరేయ్, నువ్వు గుర్తు పెట్టానంటున్నావు, మరి తుడిచిందెవడో చెప్పు, నీ ఉద్యోగం నీకొస్తుంది అన్నాను. నవ్వాడు. 'గాలికి పోయిందిలేరా' అన్నాడు. ఫ్యాన్ల వాడి వేళాకోళం అనుకున్నాను."

గోదాములో తుడిచి సంతకం పెట్టేది ఎవరో ఆల్పోకి తెలియదూ? రెక్క విరిగిన రోజే తెలిసిపోయుంటుంది. పేరు చెప్తే ఆమె ఉద్యోగం పోతుంది, మొత్తం నింద ఆమె నెత్తిన పడుతుంది. అందుకని నోరు కుట్టేసుకున్నాడు. బట్టల కౌంటర్లో కూర్చున్నాడు. ఇంటికొస్తే ఆమే అడిగింది... సరిగ్గానే బిగించావా అని.

రౌని ఆ చల్లటి నేలమీద కూలబడిపోయింది. రెక్కని ఒళ్ళోకి లాక్కుంది. "గాలి కాదు అన్నయ్యా... గాలి కాదు... నేను. ఈ చేతులతోనే తుడిచాను. అయ్యో, ఒక్కమాట నాతో చెప్పి ఉంటే, నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేది! ఎందుకు తిట్టలేదు నన్ను?"

మర్నాడు పెద్దవాళ్ళ ముందు ఆమే అన్నీ చెప్పింది. ఫ్యాన్లన్నీ ఆపి రెక్కలన్నీ పరీక్షించారు. నాలుగో దాంట్లో మూడు, అవే పెట్టెల్లోని రెక్కలు బిగించిన రెండో దాంట్లో మూడు, అన్నిటి మొదట్లోనూ పగులు, పక్కనే ఆ మాట. ముందు విరిగినదాంతో కలిపి ఏడూ లెక్క తేలాయి. కొత్తవి పోయించారు. ఇప్పుడు ప్రతి రెక్కనీ కట్టెసుత్తితో కొట్టి విన్నాకే బిగిస్తారు. రాయడానికి ఉప్పులేని పెన్సిలు ఒకటి పెట్టారు. గుర్తుని తుడవాలంటే ఇద్దరి సంతకాలు కావాలి. ఆల్పో తప్పు లేదని క్యాంటీన్ గోడకి కాగితం అంటించారు. రౌని సంతకం అధికారం తీసేసి, ఏ పని కావాలని అడిగితే, గేటు దగ్గర బట్టల కౌంటర్ ఇప్పించమంది. ఇప్పుడు అక్కడే కూర్చుంటోంది.

ఈల సంగతి కూడా ఇంజనీర్లు తేల్చేశారు. పగిలిన రెక్క సగం వేగంలో కొంచెం మెలి తిరిగేదట, ఆ సందులోంచి గాలి దూరేదట. వేగం తగ్గేకొద్దీ స్వరం పైనుంచి కిందికే జారుతుంది. అంతే. కొత్త రెక్కలు పెట్టాక నాలుగో ఫ్యాన్ మళ్ళీ నోరెత్తలేదు.

"చూశావా, దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు" అన్నాను నేను.

ఎన్సియో సౌనా పొయ్యి మీద కాగుతున్న రాళ్ళ మీద చెంబుడు నీళ్ళు పోశాడు. ఆవిరిలో మొహం కనబడకుండా పోయాక అప్పుడు అన్నాడు.

"రిపోర్టులో రాయనిది ఒకటుంది."

ఆ సాయంత్రం, రౌని నేలమీద కూర్చుని ఏడుస్తోంది. స్విచ్చుకి రెండు తాళాలు వేలాడుతున్నాయి. తాళంచెవులు ఒకటి ఆమె జేబులో, ఒకటి ఎన్సియో జేబులో. ఫ్యాన్ ఆగిపోయి అరగంట దాటింది. గదిలో దారప్పోగు కూడా కదలట్లేదు.

అప్పుడు... ఆ చీకట్లోంచి... మెల్లగా...

ఈల. ఈసారి పైనుంచి కిందికి కాదు. కిందినుంచి పైకి.

రౌని ఏడుపు ఆపేసింది. చెంపలు తుడుచుకోకుండానే మెల్లగా లేచి నిలబడింది. ఆగిపోయిన ఫ్యాన్ కేసి చూస్తూ, పక్కగదిలో ఉన్న మనిషితో అన్నట్టు అంది.

"వస్తున్నా ఉండు... కాఫీ పెడతాను."