పక్క మైకులో ఎరల్

మధ్యాహ్నం రెండు గంటలకు మెరిన్ వేడి వేడి చీజ్ రోల్స్ పొట్లం పట్టుకుని స్టూడియోకి వచ్చింది. భూగోళానికి ఈ దక్షిణ కొసన జూలై అంటే నడి చలికాలం. పోర్ట్ చామర్స్ రేవు వైపు దుంగల లారీలు ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి. ఆ స్టూడియో ఒకప్పటి చర్చి హాలు, దానికి కిటికీలుండేవి. నైరీ ముప్ఫై ఏళ్ళ కిందటే వాటిలో గొర్రెబొచ్చు కుక్కి చెక్కలు కొట్టించింది. లోపల పగలూ రాత్రీ ఒకటే వెలుగు, ఒకటే ముతక ఉన్ని వాసన.

నైరీ రికార్డింగ్ ఇంజనీరు. పెద్ద కంపెనీలు గుమ్మం తొక్కనివ్వని రాక్ బ్యాండ్లన్నీ ఆమె గుమ్మమే తొక్కాయి. తనూ గిటార్ వాయించేది. తను, ఎరల్, ఇంకో ఇద్దరు కలిసి చేసిన ఒకే ఒక్క ఆల్బమ్ ఈ దక్షిణ దీవిలో ఇప్పటికీ మోగుతూనే ఉంది. అందులో అందరూ మెచ్చుకునేది ఎరల్ బేస్ గిటార్‌ని. ఎరల్ మెరిన్ తండ్రి. పోయి మూడు వారాలైంది.

"తినండి ఆంటీ, చల్లారితే తోలు నమిలినట్టుంటుంది. ఒక మాట అడగనా?"

"అడుగు తల్లీ. పాడమని మాత్రం అడక్కు."

మెరిన్ నవ్వింది. "శనివారం బౌలింగ్ క్లబ్‌లో నాన్న కోసం అందరం కలుస్తున్నాం. ఆ మొదటి పాటలో మిగతావన్నీ తీసేసి, నాన్న బేస్ ఒక్కటే ఇస్తారా? నాన్న వేళ్ళు మాత్రమే వినాలనుంది."

నైరీ కొరికిన రోల్ మళ్ళీ పొట్లంలో పెట్టేసింది. ఎందుకంటే ఆ వేళ్ళు ఎరల్‌వి కావు.

ఎరల్ మనిషి వెన్న. తాళం మాత్రం అతని వీధిలోకి కూడా రాలేదు. ఆ రోజు రికార్డింగ్ అవగానే, "బాగా వచ్చిందా?" అని పసిపిల్లాడిలా అడిగాడు. "అదిరింది, ఇంటికెళ్ళు" అంది నైరీ. అతను అటు వెళ్ళగానే ఇటు టేపు మీద అతని వాయింపు పడిన ట్రాక్ మీదే తన చేత్తో వాయించి రికార్డు చేసింది. కిందిది చెరిగిపోయింది. పాతికేళ్ళు లోకం ఎరల్‌ని పొగిడింది, ఎరల్ మురిసిపోయాడు, నైరీ పళ్ళు నూరుకుంది. సొమ్మొకడిది సోకొకడిదంటే ఇదే కదా అని కుమిలింది.

మూడు వారాల కిందట పబ్బులో కుర్రాళ్ళు ఎరల్ చుట్టూ చేరి బీరు పోయిస్తుంటే ఇక ఓర్చుకోలేకపోయింది. అతని చెవి దగ్గరికి వంగి, "అది వాయించింది నేను. నిన్ను ఆ రాత్రే చెరిపేశాను" అంది. ఎరల్ గ్లాసు కింద పెట్టి బయటికి నడిచాడు. పొద్దున్న రేవు పక్క నీళ్ళలో దొరికాడు. మంచుపట్టిన చెక్కల మీద జారాడన్నారు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ రాత్రి రెండూ జారాయి. నైరీ ఏమందో ఎవరికీ తెలియదు. మెరిన్‌కి గనక తెలిస్తే, తండ్రి జారి పడలేదని ఆ పిల్లకి ఒక్క క్షణంలో అర్థమైపోతుంది.

"సాయంత్రానికి పంపిస్తాలే. వెళ్ళిరా" అంది నైరీ.

ఒంటరిగా మిగిలాక, తను వాయించిందే ఇచ్చేస్తే పోలా అనుకుంది. ఎవరు కనిపెడతారు? కానీ చచ్చినవాడి కూతురికి కూడా అబద్ధమే వినిపించాలంటే మనసొప్పలేదు. అప్పుడు తట్టింది. ఆ రోజు నలుగురి వాయిద్యాలూ ఒకే హాలులో మోగాయి. ఒకరి శబ్దం ఇంకొకరి మైకులోకి కారుతుంది, ఎంత మూసినా ఆగదు. ఎరల్ ట్రాక్ చెరిపింది గానీ, పక్క మైకుల్లోకి కారిన ఎరల్‌ని ఎవరూ చెరపలేదు.

పాత టేపు ఎక్కించింది. మిగతా ట్రాకులన్నీ మూసి, ఆ రోజు తలుపు దగ్గర ఎత్తున కట్టిన మైకు ట్రాక్ ఒక్కటే తెరిచింది.

డ్రమ్ములు. వాటి వెనక, దూరంగా, పక్కింట్లోంచి వస్తున్నట్టు ఎరల్ బేస్. ప్రతి దెబ్బకీ అర అడుగు వెనకే. నైరీకి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. పాట అయిపోయింది. డ్రమ్ముల మీది ఇత్తడి తాళాల మోత సన్నగిల్లింది. అప్పుడు హాలు అవతలి నుంచి...

"నైరీ... బాగా వచ్చిందా?"

కుర్చీలోంచి సగం లేచింది. అంతలోనే తనని తాను తిట్టుకుంది. టేపు తిరుగుతూనే ఉంది కాబట్టి ఆ మాటా పడింది, అంతే. ఆ రోజు తను అద్దం ఇవతల, ఈ బల్ల దగ్గరే కూర్చుని గిటార్ వాయించింది. తన జవాబు బల్ల మీది మైకులోంచి నేరుగా వాళ్ళ హెడ్‌ఫోన్లలోకి వెళ్ళింది గనక టేపు మీద లేదు.

ఇంకాస్త స్పష్టంగా దొరుకుతుందేమోనని డ్రమ్ముల మైకు తెరిచింది. బేస్ దగ్గరైంది. పాట అయిపోయింది.

"నైరీ... బాగా వచ్చిందా?"

గొంతూ దగ్గరైంది. మాట వెనక ఏదో చుక్కలు చుక్కలుగా పడుతున్న చప్పుడు.

తన గిటార్ మైకు తెరిచింది. తన గిటార్ స్పీకర్ ముందు, హాలులో పరుపుల వెనక, ఇంకో మూలన ఉండేది అది. అందులోకి ఎరల్ గొంతు రాకూడదు. పాట మొత్తం ఎవరో తడి బూట్లతో నడుస్తున్నారు. నాలుగడుగులు... ఆగడం... మళ్ళీ నాలుగడుగులు. గదిలో ఉన్ని వాసన పోయింది. డీజిలు, నాచు కలిసిన రేవు వాసన.

"నైరీ..."

చటుక్కున టేపు ఆపేసింది. చక్రాలు నిలిచిపోయాయి.

బల్ల మీద ఎర్ర దీపం వెలిగింది. హాలులో వాయించేవాళ్ళతో తను మాట్లాడే మైకుది ఆ దీపం. ఆ మైకుకీ టేపుకీ ఏనాడూ తీగ లేదు. అది ఉన్నది తన నోటికి జానెడు దూరంలో. స్పీకర్లలోంచి తన ఊపిరి వినపడింది. దాని పక్కనే... ఇంకో ఊపిరి.

"బాగా వచ్చిందా?"

"వ... వచ్చింది ఎరల్. అదిరింది."

దీపం అలాగే వెలుగుతోంది. తర్వాత, చెవి పక్కనే...

"మరెందుకు చెరిపావు?"

నైరీ బల్ల మీద తల వాల్చి ఏడ్చేసింది. "నీ తాళం తప్పింది. ఆ రోజే చెప్పాల్సింది. పబ్బులో చెప్పింది మాత్రం కుళ్ళుతోనే ఎరల్... కుళ్ళుతోనే. నిన్ను నీళ్ళలోకి తోసింది నా నోరే."

తలెత్తేసరికి దీపం ఆరిపోయి ఉంది.

తలుపు దగ్గరి మైకులోని వాయింపు మాత్రం కంప్యూటర్లోకి తీసుకుంది. మాటలు మొదలయ్యే చోటికి ముందే కత్తిరించింది. రెండుసార్లు విని చూసుకుంది. ఒక్క మాట లేదు. మెరిన్‌కి పంపేసింది.

అయిదింటికి ఫోన్ మోగింది.

"నాన్నే ఆంటీ" అంది మెరిన్. గొంతు బొంగురుపోయి ఉంది. "ఇంట్లోనూ ఇలాగే తాళం తప్పేవాడు. ఆల్బమ్‌లో అంత బాగా ఎలా కుదిరిందా అనుకునేదాన్ని. ఇప్పుడు తెలిసింది."

"ఏం తెలిసింది?"

"చివర్లో మీరు ఏడుస్తూ చెప్పిందంతా విన్నాను."

నైరీ ఆగిపోయిన టేపు చక్రాలకేసి చూసింది.

"మీరు శనివారం రావద్దు. ఇంకెప్పుడూ మా ఇంటి ఛాయలకి రావద్దు. మీ మొహం చూడలేను." కాసేపు వెక్కిళ్ళు. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ గొంతులో కోపం లేదు, బెదురుంది. "కానీ ఆ తర్వాత నాన్న, 'పద, ఈసారి ఇద్దరం కలిసి వాయిద్దాం' అంటాడు. మీరు నవ్వి, 'ఉండు, కోటు వేసుకుని వస్తున్నా' అన్నారు. అది ఎప్పటి మాట ఆంటీ? ఎక్కడికి వెళ్తున్నారు?"

నైరీ ఆ మాట అనలేదు. నవ్వనూ లేదు. అదే చెప్పబోతూ ఫోన్ పట్టుకున్న తన చేతికేసి చూసుకుంది. మణికట్టు దాకా కోటు ఉంది. గుండీలన్నీ పెట్టి ఉన్నాయి. అది ఎప్పుడు వేసుకుందో ఆమెకి గుర్తు లేదు.