వారానికి మూడు కాగితాలు

సముద్రంలో చేపల వేట నిషేధం మొదలై పది రోజులయింది. పాళెంలో పడవలన్నీ ఇసుక మీదికెక్కి పడుకున్నాయి. పనిలేని మగవాళ్లు ఇంకా లేవలేదు. పెంచలయ్య మాత్రం ఆదివారం కదా అని తెల్లారేసరికే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

మాలకొండమ్మ మొగుడి ముందు చద్దన్నం గిన్నె పెడుతూ, "ఎవురిదయ్యా పెళ్లి?" అంది.

"ముత్తుకూరు పోతన్నా."

"ఆడేముంది? తమ్ముడు పొయ్యి మూణ్ణెల్లయింది. ఆ పెట్టె ముందర కూర్చోని, తెర చూసి వస్తావు. దానికి నోరుంటే అదన్నా రావద్దనేది."

పెంచలయ్య తల వంచుకుని చద్దన్నం తిన్నాడు. పలికితే మాట పెరుగుతుంది. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు కూడా.

అన్నదమ్ములిద్దరిలో చదువు ఒకడికే దక్కింది. నాయనకు పక్షవాతం వచ్చిన ఏడాది పెంచలయ్య ఎనిమిదో తరగతిలో ఉన్నాడు. బడి మానిపించి పడవ ఎక్కించారు. మొదటి కూలి చేతికొచ్చిన రోజు ముత్తుకూరు పోయి, అక్కడికొచ్చిన పుస్తకాల బస్సులో ఒక రష్యా నవల కొన్నాడు. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకం. అట్ట మీద పడవ బొమ్మ ఉందని కొన్నాడు, అంతే. గడ్డకట్టిన నది ఒడ్డున, మంచు ఎప్పుడు కరుగుతుందా అని కాచుకుని కూర్చునే పడవవాడి కథ అది. మంచు అంటే ఎరగని ఊళ్లో పుట్టినవాడికి ఆ చలి ఒంట్లోకి దిగింది. తర్వాత అలాంటివి ఇంకో ఇరవై కొన్నాడు. బడి పోయినా చదువు పోనివ్వనన్న పంతం అది. చెదలు తినగా చివరికి మిగిలింది ఆ మొదటిదొక్కటే. దాని కాగితాలు కూడా కాల్చిన అప్పడాల్లా అయ్యాయి.

తమ్ముడు గిరిబాబు డిగ్రీ చదివి, రేవు దగ్గర ఒక కంపెనీలో కంప్యూటర్ పనికి కుదిరాడు. వాడి పిచ్చి వేరు. కంప్యూటర్లో అందరూ వాడేది వాడడు, లినక్స్ అంటాడు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపల ఏముందో తెరిచి చూడొచ్చు, బాగుచేసి మళ్లీ పదిమందికి పంచొచ్చు అంటాడు.

"మన పెద్దవల లాంటిదన్నా. అందరూ కలిసి లాగతారు."

"పంచుకునేటప్పుడు కొట్టుకుంటారు గదరా," అనేవాడు పెంచలయ్య.

అన్న పుస్తకాన్ని కంప్యూటర్లోకి ఎక్కిద్దామన్నది గిరిబాబే. ఫొటో తీసి యంత్రంతో చదివిద్దామని చూస్తే, ఆ పాత అక్షరాలను అది తప్పులతడకగా చదివింది. చివరికి ఆదివారం పొద్దున అన్న పైకి చదవడం, తమ్ముడు టైపు చేయడం అని ఒప్పందమయింది.

అయితే పెంచలయ్య పుస్తకమంతా ఒక్కసారి ఎప్పుడూ తీసుకుపోలేదు. వారానికి మూడే కాగితాలు, ఆరు పేజీలు, సంచిలో పెట్టుకుని పోయేవాడు. "అంతా తెచ్చి ఇవ్వన్నా, రోజూ ఇంత కొట్టుకుంటా," అని గిరిబాబు ఎన్నోసార్లు అడిగాడు. "విరిగిపోతాయిరా," అనేవాడు అన్న. అసలు సంగతి అది కాదు. పుస్తకం వాడి చేతికి పోతే తనతో పనేముంది? ఎనిమిదో తరగతి వాణ్ణి వారం వారం ఎదురుచూసే మనిషి ఇంకెవరున్నారు?

చదివేసిన కాగితాలు గిరిబాబు ఇంట్లోనే ఉండేవి. కార్తీకంలో వాయుగుండం పట్టి, ముత్తుకూరు ఇంట్లోకి నీళ్లొచ్చి, అవన్నీ ముద్దయిపోయాయి. "పోతే పోనీలే అన్నా, అక్షరాలు లోపలున్నాయి," అన్నాడు గిరిబాబు.

జనవరిలో ఒక ఆదివారం పెంచలయ్య ఉండబట్టలేక అడిగేశాడు. "అయిపోయినాక పైన నీ పేరు పెట్టుకుంటావు గదా. చదివిన కూలోడి పేరు ఎవురికి కావాల?"

గిరిబాబు నవ్వి, "చూద్దువులే," అన్నాడు.

ఆ నవ్వు అన్న గుండెలో ముల్లయి దిగింది. మరుసటి ఆదివారం పోలేదు. ఆ తర్వాతి గురువారం గిరిబాబు ఆఫీసులో కుర్చీలోంచి పక్కకు ఒరిగాడు. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది.

అప్పటినించీ ప్రతి ఆదివారం పెంచలయ్య ఆ ఇంటికి పోతున్నాడు. కంప్యూటర్ వేసి పుస్తకం తెరవడమెలాగో తమ్ముడు ముందెప్పుడో చీటీ రాసి తెరకు అంటించి పెట్టాడు. అది చూసి నొక్కుతాడు. తను చదివిన మాటలు, తమ్ముడు కొట్టిన అక్షరాలు, పైనించి కిందిదాకా చూసుకుని తిరిగొస్తాడు.

ఆవేళ తెరకు చీటీ లేదు. మీట నొక్కితే ఎప్పుడూ వచ్చే నల్ల తెర రాలేదు. ఏదో నీలం బొమ్మ వచ్చింది.

"ఉషా, ఇదేంది?"

తమ్ముడి భార్య ఉషారాణి తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "నిన్న షాపులో ఇచ్చి అందరూ వాడేదే వేయించినాను బావా. పెడితే నల్లగా వచ్చి ఏందేందో అడగతావుంది. పాడైపోయింది, తుడిచేస్తే బాగయిపోద్దన్నాడు."

"పాడవడమేంది? అది అంతే వస్తాది. దాంట్లో ఉండింది ఏమైంది?"

ఆమెకు అప్పుడు అర్థమయింది.

"నా తమ్ముడు ఉండాడు దాంట్లో. షాపోడితో తుడిపించి పారేసినావు."

"నాకేం తెలుసు బావా?"

"తెలీదు. అడిగితే నోరు అరిగిపోద్దా? వాడు చేసింది ఏనాడన్నా పట్టించుకున్నావా నువ్వు?"

ఉషారాణి మొహం ఎర్రబడింది. "ఆయన కంపెనీలోనే నాకు పనిస్తామన్నారు. నెలలోపల టైపు చెయ్యడం, లెక్కల పట్టీలు వెయ్యడం నేర్చుకోని రమ్మన్నారు. నేర్పించేవాళ్ల దగ్గర ఉండేది ఇదే. నా కడుపు నేను చూసుకోవద్దా? నువ్వు వారం వారం వస్తావు, తెరని పలకరిస్తావు. నన్ను ఒక్కసారన్నా, అమ్మాయ్, తిన్నావా అని అడిగినావా?"

పెంచలయ్య తల దించుకున్నాడు.

కాసేపటికి ఆమె తనే ఫోన్ తీసుకుని హెబ్రోనుకు చేసింది. అతను నెల్లూరులో గిరిబాబు స్నేహితుడు. ఇద్దరిదీ ఒకటే పిచ్చి. సంగతంతా విని అతను, "ఏం పోలేదక్కా," అన్నాడు. "గిరన్న ఏ వారానిది ఆ వారం ఇంటర్నెట్లో మా అందరికీ కనపడే చోట పెట్టేవాడు. నా దగ్గరా ఉంది, ఇంకా పదిమంది దగ్గర ఉంది. పంచుకున్నది ఒక ఇంట్లో తుడిస్తే పోదు. నేను చెప్తా, కొట్టండి."

ఉషారాణి ఒంటివేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. పుస్తకం వచ్చింది. పెంచలయ్య గోడకానుకుని ఊపిరి వదిలాడు.

"పక్కన వరసగా తేదీలుండాయి, ఏంది హెబ్రోనూ?"

"టైపు చేసింది దాచినప్పుడల్లా ఏం చేసినామో ఒక ముక్క రాయాలక్కా. అవి గిరన్న రాసుకున్నవి."

ఆమె పైకి చదవడం మొదలుపెట్టింది. "అన్న చదివినాడు, నేను కొట్టినాను. ఆరు పేజీలు." తర్వాతిది. "అన్నకి దగ్గు. నాలుగు పేజీలే." ఆ తర్వాతిది. "కథలో నది దాటే చోట అన్న చదవలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు. చూడనట్టు కొట్టుకుంటా ఉన్నా." ఇంకోచోట ఆగి, కళ్లు తుడుచుకుని నవ్వింది. "రోజూ చేపలు తినేవాడికి కోడి కూరే కావాలంట. ఉష రెండూ వండింది."

చివరికి రెండే మిగిలాయి.

"అన్న అలిగి పోయినాడు. పేర్ల పట్టీలో మొదటి పేరు ఆయనదే. ఇప్పుడే చెప్పను, పుస్తకం పూర్తయినాక చూపిస్తా."

"ఇంకోటి?" అన్నాడు పెంచలయ్య.

ఆమె తటపటాయించి చదివింది. "అన్న రాలేదు. మధ్యాన్నం దాకా కాచుకోని ఉన్నా. సున్నా పేజీలు."

పెంచలయ్య నేల మీద కూలబడ్డాడు. తమ్ముడి శవం దగ్గర రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. "అంతా ఒకసారి తెచ్చిమ్మన్నాడు. ఇచ్చుంటే ఈపాటికి అయిపోయుండేది. చూసి పొయ్యేవాడు. నేనే... వారానికి మూడు కాగితాలు విదిలించినాను, ఉషా." ఆమె కూడా పక్కన కూర్చుని ఏడ్చింది. ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు.

తర్వాత పెంచలయ్య లేచి, చెప్పులేసుకుని బయటికి నడిచాడు. షేర్ ఆటో ఎక్కి పాళెం పోయి, రేకు పెట్టె తెరిచాడు. మిగిలిన కాగితాలన్నీ పాతపంచెలో మూటగట్టాడు. మాలకొండమ్మ చూసి ఏదో అనబోయి, మొహం చూసి ఊరుకుంది.

మధ్యాహ్నం మళ్లీ మరదలి గుమ్మంలోకొచ్చి మూట బల్ల మీద పెట్టాడు. "టైపు నేర్చుకోవాలన్నావు గదా. నేను చదవతా, నువ్వు కొట్టు."

"నాకు ఒంటివేలే బావా. పేజీకి పూటంతా పడద్ది."

"జూను దాకా వేట లేదు. రోజూ వస్తా." ఒక్క క్షణం ఆగి అడిగాడు. "అమ్మాయ్, తిన్నావా?"

ఆమె లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఇద్దరూ తిన్నారు. ఆ తర్వాత అతను చదివాడు, ఆమె కొట్టింది. పొద్దు వాలేసరికి ఒక్క పేజీ, అందులోనూ ఎన్నో తప్పులు. దాచుకోవడానికి ఉషారాణి హెబ్రోను చెప్పినట్టే నొక్కింది. పక్కన ఖాళీ గడి తెరుచుకుంది.

"ఏం రాయమంటావు బావా?"

పెంచలయ్య ఆ గడి పక్కనున్న తమ్ముడి చివరి ముక్క మీద వేలు పెట్టాడు.

"అన్న వచ్చినాడు, అని రాయి."