ప్యాలెస్ వైపు గది

వెయిటర్ వంగి కాఫీ పోశాడు. ప్రొఫెసర్ "థాంక్యూ" అంటూ అతని చేతి మీద ఆప్యాయంగా తట్టాడు.

ట్రే పట్టుకుని పక్క టేబుల్ దాకా నడిచిన వెయిటర్ అక్కడే మోకాళ్ల మీద కూలబడ్డాడు. కప్పులు భళ్లున పగిలాయి. టెర్రస్ మీద బ్రేక్‌ఫాస్ట్ చేస్తున్న అతిథులంతా తలలు తిప్పారు. ఎదురుగా, తోట అవతల, పాత రాజుల ప్యాలెస్ పొద్దుటి ఎండలో మెరిసిపోతోంది. దాని వైపే చూస్తూ వెయిటర్ ప్రాణం వదిలాడు.

హోటల్ డాక్టర్ గుండెపోటు అన్నాడు. మేనేజర్ అతిథులకి క్షమాపణలు చెప్పాడు. కాసేపట్లో నేల తుడిచి, కొత్త టేబుల్‌క్లాత్ పరిచి, అదే చోట ఇంకో జంటని కూర్చోబెట్టారు.

చనిపోయింది వెయిటర్ కాదు. వెయిటర్ వేషంలో ఉన్న సీక్రెట్ ఏజెంట్.

"వాడికి గుండెపోటేంటి సార్? నిన్నగాక మొన్న నాతో పరుగుపందెం వేసి నన్ను ఓడించాడు!"

పిడికిలి దెబ్బకి చీఫ్ టేబుల్ మీది పెన్‌స్టాండ్ ఎగిరి కింద పడింది. కొట్టినవాణ్ణి డిపార్ట్‌మెంట్‌లో ముక్కోపి అంటారు. అసలు పేరు జీతాల సెక్షన్‌కి తప్ప ఎవరికీ గుర్తులేదు. అతనికి కోపం రావడానికి మామూలుగా కారణం అక్కర్లేదు. ఇవాళ మాత్రం ఉంది. చచ్చిపోయినవాడు అతని భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. 'బావా, బావా' అంటూ వెంట తిరిగి, పట్టుబట్టి ఇదే సర్వీసులో చేరినవాడు.

"కూర్చో," అన్నాడు చీఫ్. "గుండెపోటు కాదని నాకూ తెలుసు. పోస్ట్‌మార్టంలో విషం దొరికింది. చేతి మీద సూది పోటు."

"ఎవడు?"

"ప్రొఫెసర్. పాత కట్టడాల నిపుణుణ్ణని చెప్పుకుంటూ ప్యాలెస్ రిపేర్లు చూస్తున్నాడు. బస పక్కనే ఉన్న హోటల్లో. నిజానికి వాడు విదేశీ ఆయుధాల ముఠా మనిషి. రేపు మధ్యాహ్నం ప్యాలెస్ దర్బారు హాల్లో మన మంత్రీ, పొరుగు దేశం మంత్రీ సరిహద్దు ఒప్పందం మీద సంతకాలు పెడుతున్నారు. యుద్ధం ఆగిపోతే ఆ ముఠా దుకాణం కట్టేసుకోవాల్సిందే. అందుకే ఇద్దర్నీ లేపెయ్యాలని ప్లాన్."

"అయితే వాణ్ణి ఇప్పుడే పట్టుకోండి."

"ప్లానేంటో తెలీకుండా పట్టుకుంటే వాడి చోట ఇంకొకడు పూర్తి చేస్తాడు. వాడి సెక్రటరీ మన డబుల్ ఏజెంట్. కోడ్‌నేమ్ నెమలి. వెళ్లి ఆమెని కలుసుకో. ఇంకో మాట. నీ కోపాన్ని ఇంట్లో పెట్టి వెళ్లు."

ఇంట్లో పెట్టడానికి చోటులేదు. ఇంటి నిండా అదే ఉంది. భార్య ఏడవడం లేదు. సూట్‌కేసు సర్ది గుమ్మంలో పెట్టింది.

"వాణ్ణి పొట్టన పెట్టుకుందెవరో తేల్చకుండా మాత్రం రాకండి," అంది.

హోటల్ రిజిస్టర్‌లో ముక్కోపి పందెపు గుర్రాల యజమాని. నెరిసిన విగ్గు, వెండి పిడి ఉన్న చేతికర్ర. ఆ కర్రలో జామర్ ఉంది. పిడి తిప్పితే చుట్టుపక్కల ఏ ట్రాన్స్‌మిటరూ పనిచెయ్యదు.

"ప్యాలెస్ వైపు గది సార్," అన్నాడు మేనేజర్ ఇత్తడి తాళంచెవి అందిస్తూ. "ఒకప్పుడు ఈ హోటలే రాజుగారి అతిథి గృహం. మీకు ఏ లోటూ రానివ్వం."

"ఇవాళ పొద్దున ఎవరో చచ్చిపోయారటగా?"

మేనేజర్ చిరునవ్వు చెక్కుచెదరలేదు. "కొత్త వెయిటర్ సార్. పర్మనెంట్ స్టాఫ్ కాదు."

ముక్కోపి పళ్లు పటపట కొరుక్కుంటూ లిఫ్ట్ ఎక్కాడు. గదిలో అడుగు పెడితే కార్పెట్ బూట్ల చప్పుడు మింగేసింది. నీటి జగ్గుకి లేసు ముసుగు. మంచం మీద తువ్వాలుని హంసలా మడిచి కూర్చోబెట్టారు. ఒక్క గుంజు గుంజి దాన్ని విప్పి పారేశాడు. అప్పటికి గాని ఊపిరి ఆడలేదు.

సాయంత్రం టీ లాంజ్‌లో పియానో మోగుతోంది. నీలం గౌను, మెడలో ముత్యాలు. ఆమె నడిచి వస్తుంటే మగవాళ్ల చేతుల్లో చెంచాలు ఆగిపోయాయి. తిన్నగా ముక్కోపి ఎదురు కుర్చీలో కూర్చుంది.

"మీ గుర్రం ఈసారి గెలుస్తుందా?"

"వాన పడకపోతే."

"పడితే?"

"ఒట్టి గాడిద."

కోడ్ సరిపోయింది. నెమలి గొంతు తగ్గించింది. "దర్బారు హాల్లో పైకప్పు నుంచి ఏనుగంత షాండ్లియర్ వేలాడుతోంది. సంతకాల టేబుల్ సరిగ్గా దాని కింద. గొలుసులో ప్రొఫెసర్ పేలుడు మందు అమర్చాడు. బాంబులా కాదు, లింకు తెగేటంత మాత్రమే. పాత గొలుసు, తెగిపోయింది అని మనవాళ్లంటారు. మన దేశం పిలిచి చంపించిందని పొరుగు దేశంవాళ్లంటారు. ఆ మర్నాడే యుద్ధం. ట్రిగ్గర్ ఈ హోటల్లో అతని సూట్ గదిలో ఉన్న ట్రాన్స్‌మిటర్. అతను బాల్కనీలో నుంచి చూస్తూ నొక్కుతాడు. మీరు జామర్ ఆన్ చేస్తే చాలు."

"మందు తీసేయిస్తే పోదా?"

"హాల్లో గార్డుల్లో అతని మనిషి ఉన్నాడు. ఎవరనేది నాకు తెలీదు. గొలుసు మీద చెయ్యి పడితే చాలు, అతనికి కబురు వెళ్లిపోతుంది."

ముక్కోపి ముందుకు వంగాడు. "మావాడి వేషం సంగతి ముగ్గురికే తెలుసు. నాకు, చీఫ్‌కి, మీకు. ప్రొఫెసర్‌కి ఎవరు చెప్పారు?"

ఆమె కప్పు కింద పెట్టింది.

"నేనే."

ముక్కోపి చేతిలో కప్పు పిడి విరిగింది. టీ ప్యాంటు మీద ఒలికినా అతనికి తెలియలేదు.

"నా మీద అనుమానం వచ్చింది. ఎవరో ఒకర్ని అప్పగించకపోతే నన్ను చంపేసేవాడు. నేను పోతే ఈ ప్లాన్ మీకు చేరేది కాదు. చీఫ్‌ని అడిగాను. సరే అన్నాడు."

"చీఫ్ సరే అన్నాడా?"

"అన్నాడు."

"మరి మావాణ్ణి ఎవరైనా అడిగారా? 'నిన్ను బలి ఇస్తున్నాం నాయనా, నీకు ఇష్టమేనా' అని ఒక్కరైనా అడిగారా?"

పియానో ఆగింది. పక్క టేబుళ్లవాళ్లు చూస్తున్నారు. నెమలి చటుక్కున నవ్వు పులుముకుని, గుర్రం ఓడిపోయిందని అలిగిన పెద్దమనిషిని ఓదారుస్తున్నట్టు అతని భుజం తట్టింది.

"రేపు పని అయ్యాక నన్ను కాల్చెయ్. అడ్డు చెప్పను," అంది పెదాలు కదపకుండా. "అప్పటిదాకా నేను నీకు కావాలి."

అదే అతన్ని ఎక్కువ మండించింది. ఆమె చెప్పింది నిజం.

మర్నాడు మధ్యాహ్నం ఏసీ మెకానిక్ యూనిఫాంలో ముక్కోపి ప్రొఫెసర్ సూట్ తలుపు తట్టాడు. చేతికర్ర టూల్‌బ్యాగులో ఉంది. నెమలి తలుపు తీసింది. ప్రొఫెసర్ బాల్కనీ గుమ్మంలో నిలబడి బైనాక్యులర్స్‌లో చూస్తున్నాడు. టీవీలో దర్బారు హాలు లైవ్. మంత్రులిద్దరూ కూర్చున్నారు. పైన షాండ్లియర్ ధగధగలాడుతోంది.

ముక్కోపి బ్యాగులో చెయ్యి పెట్టి పిడి తిప్పాడు. టీవీ పక్కన ట్రాన్స్‌మిటర్ ఎర్ర లైటు ఆరిపోయింది.

ప్రొఫెసర్ వెనక్కి తిరిగి పగలబడి నవ్వాడు.

"జామరా? భేష్. ఆ పెట్టె మా సెక్రటరీ చూడ్డానికి పెట్టింది. ఈమెని నేను ఏనాడూ నమ్మలేదు. ఆ వెయిటర్‌ని అప్పగించినప్పుడు కూడా."

గోడ మీద పాత ఇత్తడి బటన్ ఉంది. రాజుగారి అతిథులు అది నొక్కితే ప్యాలెస్ వంటింట్లో గంట మోగేదట. ఆ వైరు ఇంకా తోట కిందనే ఉంది. ఇప్పుడు దాని రెండో కొస వంటింట్లో లేదు.

"వైరుకి మీ జామర్ వినపడదు," అంటూ ప్రొఫెసర్ చెయ్యి చాచాడు.

టీవీలో మంత్రి కలం మూత తీశాడు. ముక్కోపి గదికి అటు చివర ఉన్నాడు. నెమలి బటన్ పక్కనే ఉంది. ఆమె ఒక్క ఉదుటున గోడకి వీపు ఆనించి బటన్‌ని కప్పేసింది. ప్రొఫెసర్ ఆమె మెడ మీద కొట్టాడు. ఉంగరంలోంచి సూది దిగింది. ఆమె కదల్లేదు. జుట్టు పట్టి లాగాడు. అయినా కదల్లేదు.

ఈలోగా ముక్కోపి మంచం దాటి వచ్చి పడ్డాడు. ప్రొఫెసర్ మణికట్టు ఎండుపుల్లలా విరిగింది. అతన్ని కాలర్ పట్టి బాల్కనీ పిట్టగోడ దాకా ఈడ్చాడు. ఒక్క తోపు తోస్తే చాలు. వీడు చస్తే హాల్లో గార్డు ఎవరో చెప్పేవాడుండడు. తిడుతూనే వెనక్కి లాగి, కర్టెన్ తాడుతో మంచం కోడుకి కట్టేశాడు. బటన్ పెరికి వైరు తెంపాడు.

టీవీలో చప్పట్లు మోగాయి. మంత్రులు చేతులు కలిపారు.

నెమలి గోడవారగా జారిపోయింది. పెదాలు నీలంగా మారుతున్నాయి. అతను రిసెప్షన్‌కి ఫోన్ చేసి డాక్టర్‌ని పంపమని అరిచి, ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాడు.

"నిన్ను వాడు నమ్మనే లేదు," అన్నాడు. "మావాడి ప్రాణం ఉత్తపుణ్యానికి పోయింది. తెలుస్తోందా నీకు?"

"తెలిసింది." ఆమె ఊపిరి ఎగశ్వాసగా మారింది. "ఇప్పుడైనా... తిట్టడం ఆపుతావా?"

"ఆపను. లే. లేచి నిలబడు."

ఆమె లేవలేదు. డాక్టర్ వచ్చేసరికి కోప్పడటానికి కూడా మనిషి మిగల్లేదు.

కాసేపటికి చీఫ్ వచ్చాడు. ముఖం నిండా ఆనందం, వెనక ఇద్దరు గార్డులు. ప్రొఫెసర్ అప్పటికే నోరు విప్పాడు. హాల్లో గార్డు దొరికిపోయాడు.

"శభాష్! మంత్రిగారు నిన్ను చూడాలంటున్నారు. నీ బావమరిదికి కూడా మెడల్ ఇప్పిస్తాను. మీ ఇంటికి నేనే వచ్చి మీ ఆవిడకి చెప్తాను, వీరుడిలా పోయాడని."

"తప్పకుండా రండి సార్. వచ్చి, వాణ్ణి ఎవరు అప్పగించమన్నారో కూడా మీ నోటితోనే చెప్పండి."

చీఫ్ నవ్వు ఆగిపోయింది. "చూడు, ఇలాంటి పనుల్లో ఒక్కోసారి..."

మాట పూర్తి కాలేదు. చీఫ్ వెల్లకిలా పడ్డాడు. ముక్కు పక్కకి తిరిగింది. గార్డులిద్దరూ తుపాకుల మీద చేతులు వేసి, ఏం చెయ్యాలో తోచక ముక్కోపి వైపు చూశారు.

అతను చెయ్యి విదిలించుకుంటూ గుమ్మం వైపు నడిచాడు.

"రిపోర్టులో బాత్రూం పాలరాయి మీద కాలు జారిందని రాసుకోండి," అన్నాడు. "పెద్ద హోటల్ కదా, నున్నగా ఉంటుంది."